మా పాప సైకిల్ మానిపించమంటారా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక ఊరండి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. హైస్కూలు మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు, అందులో మూడు కిలోమీటర్లు కాలవ గట్టు రోడ్డే. రోజూ సైకిల్ మీద వెళ్లొస్తుంది. పోయిన వారం సాయంత్రం ట్యూషన్ అయ్యాక వస్తుంటే వెనక నుంచి ఒక కారు రాసుకుంటూ పోయింది. పాప గట్టు పక్క తుప్పల్లో పడింది. మోచెయ్యి దోక్కుపోయింది, సైకిల్ హ్యాండిల్ వంగింది. దేవుడి దయ వల్ల అంతటితో పోయింది. కారాయన కాస్త ముందుకెళ్లి ఆపి, అద్దం దించి, "చూసుకుని నడుపమ్మా" అనేసి వెళ్లిపోయాడట. అప్పటికీ ఆయన చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉందట. మా అత్తగారు సైకిల్ అటకెక్కించి ఆటోలో పంపమంటున్నారు. పాపేమో "తప్పు ఆయనది, సైకిల్ నాది ఎందుకు తీసేస్తారు" అని అన్నం మానేసి కూర్చుంది. మా ఆయన కొబ్బరికాయల లోడు వ్యాన్ నడుపుతారు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఆయన కూడా సైకిల్ వద్దనే అంటున్నారు. ఆయన ఎక్కడున్నా ఒక్క రింగుకే ఫోన్ ఎత్తుతారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు నాకు పిచ్చెక్కేది. సైకిల్ మానిపించమంటారా? ఆ కారాయన మీద ఏమైనా చేయగలమా?
— ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, మానిపించకండి. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు ఆ మాట పాపకి చెప్పి అన్నం తిననివ్వండి.

మీ అత్తగారిని నేను తప్పు పట్టను. పెద్దావిడ కళ్ల ముందున్నది సైకిల్ మీంచి పడ్డ మనవరాలు. కారు వెళ్లిపోయింది, సైకిల్ ఇంట్లో ఉంది. చేతికి దొరికినదాని మీదే కదా ఎవరైనా కోపం చూపిస్తారు. కానీ ఆటోలో పంపితే ఈ బెడద తప్పుతుందంటున్నారు చూశారా, అక్కడే నాకు పేచీ. మన వైపు బడి ఆటోలు మీకు తెలియనివి కావు. వెనక ఎనిమిది మంది, డ్రైవరుకి ఇటొకడు అటొకడు, బయటికి వేలాడే బ్యాగులు, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మెడ వంకర పెట్టి నడిపే మనిషి. అందరూ అలా ఉండరు. నాకు తెలిసిన మంచి ఆటోవాళ్లు ఉన్నారు, మీకూ అలాంటివాడు దొరికితే ముసురు పట్టిన రోజుల్లో పంపండి. అంతేగానీ ఫోన్ డ్రైవరు వెనక నుంచి వస్తాడని భయపడి, పిల్లని తీసుకెళ్లి ఇంకో ఫోన్ డ్రైవరు వెనక కూర్చోబెట్టడం నాకు అర్థం కాదు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపాను. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు, ఈ రోడ్ల మలుపులన్నీ కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ గర్వమే ఒకరోజు కొంప ముంచబోయింది. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్న కొత్త. నాకూ ఒక చిన్న బటన్ల ఫోన్ ఉండేది, చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. బస్సు ముమ్మిడివరం దాటింది. ఇంటి నుంచి ఫోన్. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులు, పెళ్లివారు ఎప్పుడు రమ్మంటారని అడుగుతున్నారంది మా ఆవిడ. ఆదివారం రమ్మను అన్నాను. ఆదివారం అమావాస్య అంది. ఆ అమావాస్య దగ్గర నా బుర్ర ఆగిపోయింది. రోడ్డు ఎదురుగానే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, నేను చూస్తున్నది మాత్రం మా ఇంట్లో గోడకున్న క్యాలెండరుని.

ముందు ఒక పెద్దాయన సైకిల్ మీద వెళుతున్నాడు, క్యారియర్ మీద పచ్చగడ్డి మోపు. అంత మోపు మామూలుగా అయితే ఫర్లాంగు దూరం నుంచే కనబడాలి. నాకు బస్సు ముందు అద్దం పక్కకి వచ్చాక కనబడింది. కుడికి కట్ కొట్టాను. మోపుని బస్సు రాసుకుంటూ పోయింది. ఆయన సైకిల్‌తో సహా పంటబోదెలో పడ్డాడు. బస్సు ఆపాను. నేను దిగి వెళ్లేసరికి ఆయన లేచి, లుంగీ పిండుకుంటూ, తలెత్తి ఏమన్నాడో తెలుసా? "పర్లేదండి, తప్పు నాదేనండి, ఇంకాస్త పక్కకి రావలసింది."

ఆయన తప్పు వీసమెత్తు కూడా లేదు. తన దారిన తాను పోతున్నాడు. "కాదండి, నేను ఫోన్‌లో ఉన్నాను" అని నేను చెప్పాలి. బస్సు కిటికీల్లోంచి నలభై మంది చూస్తున్నారు. చెప్పలేదు. మోపు మళ్లీ కట్టడానికి ఓ చెయ్యి వేసి, బస్సెక్కి వచ్చేశాను. మీ పాపకి "చూసుకుని నడుపమ్మా" అని చెప్పి పోయిన మనిషి మీద మీకు ఎంత మంటగా ఉందో ఊహించగలను. నేను ఆయన కంటే గొప్పవాణ్ణేమీ కాదు. ఆయన తప్పుని పాప మీదికి నోటితో నెట్టాడు, నేను నోరు మూసుకుని నెట్టాను.

అందుకే ఈ విషయం మీద ఉత్తరం వస్తే నా జవాబు కొంచెం పొడుగవుతుంది. ఓర్చుకోండి.

కాస్త లెక్క చూద్దాం. మన గట్టు రోడ్ల మీద కార్లు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోవడం వింతేమీ కాదు. ఆ వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. ఫోన్ టింగుమంది, ఎవరో చూసి, ఒక లైను చదివి, తలెత్తేసరికి ఐదు సెకన్లు అనుకోండి. 70 మీటర్లు. మన తోటల్లో కొబ్బరి చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు వదులుతాం కదా, ఆ లెక్కన ఒక చెట్టు దగ్గర తల దించినవాడు పదో చెట్టు దగ్గర ఎత్తుతున్నాడన్నమాట. మీ పాప గంటకి 12 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుందనుకుంటే ఆ ఐదు సెకన్లలో ఆమె వెళ్లేది 17 మీటర్లే. తల దించినప్పుడు 50 మీటర్ల వెనక ఉన్న కారు, తల ఎత్తేసరికి ఆమె వీపు దగ్గర ఉంటుంది.

పైగా అది గట్టు రోడ్డు. ఈ గట్లు కార్ల కోసం వేసినవా ఏమన్నానా? కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలవల్లో పడవలు తిరిగేవి, గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవ లాగుతూ నడిచేవారు. ఆ నడక దారి మీదే తర్వాత కంకర పడింది, తారు పడింది. ఒక వైపు కాలవ, ఇంకో వైపు పల్లం, మధ్యలో తారు పన్నెండు అడుగులుంటే గొప్ప. అద్దాలతో కలిపి కారు ఆరున్నర అడుగులు తింటుంది. సైకిల్ హ్యాండిల్ రెండడుగులు. కారు అవతలి అంచు దాకా జరిగి, ఇటు పాప హ్యాండిల్ తారు అంచు నుంచి అడుగు లోపల ఉందనుకోండి, ఇద్దరి మధ్యా మిగిలేది రెండున్నర అడుగులు. సైకిల్ గీత గీసినట్టు పోదు కూడా. గాలికి ఊగుతుంది, గుంత వస్తే పక్కకి తిరుగుతుంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపినా ఇబ్బందయ్యే చోటు అది.

"నేను చేత్తో పట్టుకోనండి, చెవిలో బ్లూటూత్ పెట్టుకుంటాను" అనేవాళ్లు చాలామంది. చెయ్యి ఖాళీగా ఉండడం మంచిదే. కానీ నా అమావాస్య కథలో ఎక్కువ ఎగ్గొట్టింది చెయ్యి కాదు, బుర్ర. కన్ను చూసినా బుర్ర పట్టించుకోకపోతే గడ్డి మోపు కూడా కనబడదు. మరి పక్క సీట్లో మనిషితో మాట్లాడితే ఫర్వాలేదా అంటారు. ఆ మనిషీ రోడ్డు చూస్తాడు కదండీ. మలుపొచ్చినా, గేదెలు అడ్డమొచ్చినా తనే నోరు మూస్తాడు, ఒక్కోసారి "చూడు చూడు" అని అరుస్తాడు కూడా. ఫోన్‌లో అవతలి మనిషికి గేదెలు కనబడవు. మనం ఎక్కడున్నామో తెలియక అడుగుతూనే ఉంటాడు.

ఆ అవతలి మనిషి గురించే మీతో మాట్లాడాలి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. "ఆయన ఎక్కడున్నా ఒక్క రింగుకే ఫోన్ ఎత్తుతారు" అని రాశారు. మెచ్చుకోలుగానే రాశారు. తల్లీ, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదుండే మనిషి ఒక్క రింగుకే ఎత్తుతున్నాడంటే ఎలా ఎత్తుతున్నట్టు? సిద్ధాంతం వంతెన మీదో, చించినాడ వంతెన మీదో నిండు లోడుతో పోయే వ్యాన్‌ని ఒక్క రింగులో పక్కకి తీసి ఆపడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. నడుపుతూనే ఎత్తుతున్నారు. ఆయన లోడు దించే ఊళ్లలోనూ ఇరుకు రోడ్లున్నాయి, వాటి మీదా ఎవరో పిల్లలు ట్యూషన్ నుంచి ఇళ్లకి పోతుంటారు.

ఈ మాట మిమ్మల్ని నొప్పిస్తుందని తెలుసు. మీరొక్కరే కాదు, మన ఇళ్లన్నీ అంతే. బండి మీదున్న మనిషికి ఫోన్ చేయడం ప్రేమ కిందే లెక్క. బయల్దేరాడా, ఏ ఊరు దాటాడు, తిన్నాడా. ఎత్తకపోతే మనకి టెన్షన్, వెంటనే రెండోసారి, మూడోసారి. ఆ మోత పడలేక అవతల మనిషి ఎత్తేస్తాడు, "ఆయ్, వచ్చేత్తన్నా" అంటాడు, మన గుండె కుదుటపడుతుంది. ఆ రెండు ముక్కల్లోనే ఐదు సెకన్లు పోతాయి. ఆ కారాయన ఫోన్‌లో అవతల కూడా ఎవరో ఉండి ఉండవచ్చు. అన్నానికి వస్తున్నారా అని అడుగుతున్న ఇల్లాలే కావచ్చు.

కాబట్టి మీ ఇంట్లో ముందు ఒక ఏర్పాటు చేసుకోండి. బండి మీదుండగా మీరు ఆయనకి చేయరు, ఆయనే మీకు చేస్తారు. లోడు కట్టి బయల్దేరే ముందు ఒకటి, టీకి ఆగినచోట ఒకటి, సరుకు దించాక ఒకటి. రావులపాలెంలోనో, తణుకు దగ్గర హైవే పక్క హోటల్లోనో ఎలాగూ ఆగుతారు. మరీ అర్జంటు అయితే వెంటవెంటనే రెండు మిస్డ్ కాల్స్ ఇవ్వండి, అవి చూస్తే బండి పక్కకి తీసి ఆపి చేయాలని మాట అనుకోండి. ఆ రెండు మిస్డ్ కాల్స్‌ని ఉప్పు అయిపోయిందని చెప్పడానికి వాడితే మాత్రం నెలకే ఆ ఏర్పాటు పోతుంది. కొట్టు షావుకార్లు ఊరుకోరు, "ఎక్కడిదాకా వచ్చావు" అని పది నిమిషాలకోసారి చేస్తారు, అది నాకు తెలుసు. వ్యాన్‌లో క్లీనర్ ఉంటే ఫోన్ అతని చేతికివ్వాలి. లేకపోతే ఇప్పటి ఫోన్లలో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది, "బండి మీదున్నాను, ఆగాక చేస్తాను" అని తనే జవాబు పంపిస్తుంది. మీ పాప రెండు నిమిషాల్లో పెట్టిచ్చేస్తుంది, తొమ్మిదో తరగతి పిల్లలకి అదొక లెక్కా.

ఆయనకి ఎలా చెప్పాలో కూడా చెబుతాను, అడగలేదు గానీ. "మీరు ఫోన్‌లో మాట్లాడుతూ నడుపుతారు" అని మొదలుపెట్టకండి. డ్రైవరుకి డ్రైవింగ్ గురించి ఇంట్లోవాళ్లు చెబితే ఎక్కదు, ముఖం మాడ్చుకుంటాం. "ఇన్నాళ్లూ నేనే చేసి మీ చేత ఎత్తించాను, ఇక చేయను" అనండి. నేను ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఆవిడకి గడ్డి మోపు సంగతి చెప్పాను. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యే దాకా డ్యూటీ టైములో ఒక్క ఫోన్ చేయలేదు. నేనూ స్టీరింగు ముందు కూర్చుంటే ఫోన్ కండక్టరు సంచీలో వేసేవాణ్ణి. పెళ్లివారు ఆ పై ఆదివారం వచ్చారు, సంబంధం కుదిరింది కూడా.

ఇక పాప సైకిల్. నడిచేవాళ్లు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లని చూస్తూ నడవాలి. సైకిల్ మాత్రం బండ్లతో పాటు ఎడమ పక్కే పోవాలి. పిల్లలు ఈ రెండూ కలిపేసుకుని కుడి పక్క తొక్కుతారు, అది ప్రమాదం. ఎడమ పక్క అన్నారు కదా అని తారు అంచు పట్టుకుని వేలాడకూడదు. మార్జిన్‌లో తారుకీ మట్టికీ మధ్య జానెడు పల్లం ఉంటుంది, చక్రం అందులోకి జారితే కారు తగలకుండానే పడతారు. పైగా అంచున పోయే సైకిల్‌ని చూస్తే కారువాడికి "దూరిపోవచ్చులే" అనిపిస్తుంది. చక్రం తారు అంచుకి రెండడుగులు లోపల ఉండాలి. వెనక బండి చప్పుడు వినబడి, ఎదురుగా కూడా ఇంకోటి వస్తుంటే దిగి మార్జిన్‌లో నిలబడమనండి. రెండూ పోయాక ఎక్కవచ్చు, పది సెకన్ల పని. హ్యాండిల్‌కి చిన్న అద్దం బిగించండి, స్కూటర్ అద్దంలాంటిది సైకిళ్ల షాపుల్లో దొరుకుతుంది. ఏసీ వేసి అద్దాలు ఎత్తి ఫోన్‌లో మునిగినవాడికి సైకిల్ బెల్లు వినబడదు. బెల్లు మీద నమ్మకం పెట్టుకోవద్దని చెప్పండి.

ఎదురొచ్చే బండ్లలో ఫోన్ డ్రైవరుని పట్టడానికి మేం డ్రైవర్లం చూసేది ఒకటుంది. పాపిడి. రోడ్డు చూసే మనిషి ముఖం కనబడుతుంది. పాపిడి కనబడిందంటే తల దించాడు, ఒళ్లో ఏదో చూస్తున్నాడు. పాప కూడా ఇది అలవాటు చేసుకోవచ్చు, నెలలో పట్టేస్తుంది. పాపిడి కనబడితే బండి దాటే దాకా పక్కకి వచ్చి ఆగాలి. ఖాళీ రోడ్డు మీద కారణం లేకుండా మెల్లగా పోతూ, అటూఇటూ ఒరుగుతూ, మళ్లీ ఒక్కసారిగా వేగం పెంచే బండి కూడా అంతే.

పడింది సాయంత్రం ట్యూషన్ తర్వాత అన్నారు. నవంబరులో మనకి ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. లైట్లు వేయడానికి తొందరెందుకని డ్రైవర్లు బద్ధకించే ఆ అరగంటే నాకు ఎప్పుడూ భయం. మా రోజుల్లో సైకిల్‌కి డైనమో ఉండేది, టైరుకి ఆనించి తొక్కితే గుర్రుగుర్రుమంటూ వెలిగేది, కాళ్లు లాగేసేవి. ఇప్పుడు బ్యాటరీతో వెలిగి ఆరే ఎర్ర లైట్లు వచ్చాయి, వెనక మడ్‌గార్డుకి బిగించండి. ముందు తెల్ల లైటు. దానితో పాటు రేడియం స్టిక్కరు కొని మడ్‌గార్డుకి, స్కూలు బ్యాగుకి, అన్నిటికంటే ముఖ్యంగా పెడళ్లకి రెండు వైపులా అంటించండి. పైకీ కిందికీ ఆడే మెరుపు కనబడితే, అక్కడ తొక్కుతున్న మనిషి ఉన్నాడని డ్రైవరుకి ఇట్టే తెలుస్తుంది. కదలకుండా ఉండే మెరుపుని కిలోమీటరు రాయో, కల్వర్టు గోడో అనుకుంటాం. ట్యూషన్ మాస్టారిని అరగంట ముందు వదలమనండి. అటువైపు పిల్లలంతా కలిసి బయల్దేరాలి, కబుర్ల కోసం జంటలుగా కాకుండా ఒకరి వెనక ఒకరు.

సైకిల్‌కి హెల్మెట్ పెట్టాలని చట్టం అడగదు. కొనగలిగితే కొనండి, పడితే తలకి పనికొస్తుంది. కారుని ఆపదు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉండకూడదు, ఇది పాపకి గట్టిగా చెప్పండి. పాపకి ఫోన్ కొనిచ్చే ఆలోచన ఉంటే, ఆమె గట్టు మీదుండగా "ఎక్కడున్నావే" అని మీరు చేయకూడదు. వాళ్ల నాన్నకి పెట్టిన ఏర్పాటే పాపకీ.

కోతల రోజులు వేరే సంగతి. దాళ్వా కోతలప్పుడు, మళ్లీ సార్వా కోతలప్పుడు, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రైతుని ఏమనను, కళ్లం ఉంటే ఇక్కడెందుకు పోస్తాడు. కానీ ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు ఎత్తకుండా పోతారే, వాళ్లని మాత్రం అంటాను. ఆ రోజుల్లో సైకిల్ రోడ్డు మధ్యకి వచ్చేస్తుంది, ఎవరూ చేయగలిగింది లేదు. ధాన్యం ఉన్నంత మేరా దిగి నడిపించుకుంటూ పోవడమే. ధనుర్మాసంలో తెల్లారి మంచు పడితే ఓ అరగంట ఆలస్యంగా పంపండి, బడిలో అడిగితే చెప్పుకోవచ్చు. రొయ్యల వ్యాన్లు నీళ్లు కార్చుకుంటూ పోయిన మలుపుల్లో బ్రేకు మెల్లగా వేయమనండి.

అన్నిటికన్నా సంక్రాంతి. బడికి సెలవులే గానీ పిల్లలు సైకిళ్లేసుకుని ఊళ్లు తిరిగేది అప్పుడే. హైదరాబాదు నుంచి మన చుట్టాలే కార్లలో వస్తారు. డ్యాష్‌బోర్డు మీద మ్యాప్, ఒక చేత్తో కొబ్బరి తోటల వీడియో. జగ్గన్నతోట తీర్థానికి కనుమనాడు కార్లు ఎలా వస్తాయో మీకు చెప్పాలా. దారి చూసుకోవడానికి ఫోన్‌లో మ్యాప్ పెట్టుకోవచ్చని, అది ధ్యాస చెడగొట్టకూడదని 2020లో నిబంధనల్లో చేర్చారు. మంచిదే. ఆ మ్యాప్‌లో మాట్లాడే గొంతుకి మాత్రం మన గట్టు రోడ్డు వెడల్పు తెలియదు, "నేరుగా వెళ్లండి" అంటుంది, వీళ్లు వెళ్తారు. మీ ఇంటికొచ్చే చుట్టాలకి ఈసారి ముందే చెప్పండి, మెయిన్ రోడ్డు మీద ఆగి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎదురొచ్చి తీసుకొస్తారని.

కారాయన మీద ఏం చేయగలమని అడిగారు. చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్కేస్తుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. కాగితం మీద గట్టి చట్టమే. మీ విషయంలో చిక్కేమిటంటే బండి నంబరు లేదు. తుప్పల్లో పడ్డ పిల్ల నంబరు చూడలేదని ఎవరూ అనకూడదు. అయినా స్టేషన్‌కి వెళ్లి రోజు, టైము, చోటు, కారు రంగు రాసివ్వండి. దారిలో ఏ కొట్టుకో, రైసుమిల్లుకో కెమెరా ఉంటే ఆ సంగతీ రాయండి. ఆయన దొరుకుతాడని మాట ఇవ్వలేను. అదే గట్టు మీద రేపు ఇంకొకరు ఫిర్యాదు చేస్తే వాళ్లది మొదటిది కాకుండా రెండోది అవుతుంది, అందుకు రాయమంటున్నాను.

ఇక ముందు జరిగితే చివరి నాలుగు అంకెలు చూసుకుంటే చాలని పాపకి చెప్పండి. అవి పైకి అనుకుంటూ ఉంటే మరిచిపోదు. 112కి చేస్తే పోలీసులు, దెబ్బ తగిలితే 108. ఆస్పత్రిలో "సైకిల్ మీంచి పడింది" అని చెప్పకండి, "బండి కొట్టింది" అని చెప్పి అలాగే రాయించండి. మనవాళ్లు కేసులెందుకని పడిపోయిందనేస్తారు, తర్వాత ఏ పరిహారానికీ ఆధారం ఉండదు. నంబరు తెలిస్తే ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు దావా వేయాలి. గుద్దినవాడు దొరక్కుండా పోతే దానికీ పథకం ఉంది, 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు. దరఖాస్తు రెవెన్యూ అధికారులకి పెట్టుకోవాలి. సైకిల్ మీదున్నవాళ్లకీ అది వర్తిస్తుంది. 2025 మే నుంచి మోటారు వాహనం వల్ల దెబ్బ తగిలినవాళ్లకి, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేయాలన్న పథకం కూడా వచ్చింది. ఆస్పత్రికి చేర్చిన మనిషిని కేసుల్లో ఇరికించకుండా చట్టంలో రక్షణ ఉంది. గట్టు మీద కొట్లవాళ్లకి ఈ మాట తెలిస్తే, పడ్డవాళ్ల దగ్గరికి పరిగెత్తడానికి వెనకాడరు.

మీ అత్తగారికి నా మాటగా ఏమీ చెప్పకండి, ఆవిడకి నా మాటతో పనేమిటి. లైటు, రేడియం బిగించాక ఒక రోజు చీకటి పడ్డాక ఆవిడని వీధి అరుగు మీద కూర్చోబెట్టండి. పాపని గట్టు అవతలి మలుపు నుంచి సైకిల్ మీద రమ్మనండి, మీరు పక్కన నడవండి. ఎంత దూరం నుంచి కనబడిందో ఆవిడనే చెప్పమనండి. మర్నాడు లైట్లు తీసేసి ఒకసారి రప్పించండి.

ఒకటి మరిచాను. హ్యాండిల్ వంగిందని రాశారు. దాన్ని మళ్లీ వంచి సరిచేయించకండి. ఒకసారి వంగిన గొట్టం అదే చోట విరుగుతుంది, కొత్తది వేయించండి. హ్యాండిల్ వంగేంత దెబ్బ తగిలిందంటే ముందు ఫోర్కుకీ తగిలి ఉంటుంది. షాపులో ముందు చక్రం తీసి ఫోర్కు రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయో లేదో చూడమని మీరే దగ్గరుండి అడగండి. అది చూపించే దాకా ఈ రెండు రోజులూ పాపని మీరే దిగబెట్టండి.